బైండోవర్ టీచర్

రేఖ మొదటిసారి నా షాపులో అడుగుపెట్టిన రోజే ఒకడి పన్ను ఊడింది. ఇస్నాపూర్‌లో బడి ఎదురుగా నాదొక జిరాక్స్ షాపు ఉంది. షిఫ్టు దిగిన ఆడవాళ్లు ఆధార్ కాపీల కోసం వరసలో నిలబడితే, వెనక నుంచి వచ్చి మీద పడే వెధవ ఒకడు ఉండేవాడు. నేనెంత తిట్టినా వాడికి సిగ్గు లేదు. ఆ రోజు వాడి ముందు నిలబడ్డది రేఖ. వెనక్కి తిరిగింది, ఒక్క మాట అనలేదు, నా బల్ల మీదున్న పెద్ద స్టాప్లర్ అందుకుని వాడి మూతి మీద కొట్టింది. వాడు నెత్తురు ఉమ్ముకుంటూ మెట్ల మీద కూలబడ్డాడు. రేఖ స్టాప్లర్‌ను కొంగుతో తుడిచి తీసిన చోటే పెట్టి, "రెండు కాపీలక్కా, వెనకా ముందు" అంది.

ఆ క్షణమే ఆమె నాకు నచ్చింది. దాచడమెందుకు, మాది వ్యాపారం చేసుకునే కుటుంబం, గొడవంటే షట్టర్ సగం దించి లోపల కూర్చునే రకం. నా కోపమంతా నోటిలోనే. ఆమె కోపం చేతిలో ఉండేది.

ఆమెది ఇక్కడికి దగ్గరి ఊరే. పొలాలన్నీ ఆమె పుట్టకముందే ఫ్యాక్టరీల కిందికి పోయాయి. తండ్రి తమ చేనులోనే లేచిన ఫ్యాక్టరీకి గేటు కాపలా కాసి, ఆ గేటు దగ్గరే లారీ కింద పడి పోయాడు. సంగారెడ్డిలో డిగ్రీ చదివేటప్పుడు బస్సులో చేయి వేసినవాడి వేలు విరిచింది. పెళ్లయ్యాక ఏడాది తిరగకుండానే మొగుణ్ని వదిలి వచ్చేసింది. ఆ ఇంట్లో మొదట చెయ్యెత్తింది అతను, ఆఖరున ఎత్తింది ఈమె. తర్వాత పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. అక్కడ సూపర్‌వైజర్ నడుం మీద చేయి వేస్తే, అట్టపెట్టెలకు టేపు అంటించే ఇనప గన్నుతో వాడి ముక్కు పగలగొట్టింది. ఉద్యోగం పోయింది. ఇవన్నీ ఆమె గొప్పలుగా చెప్పేది కాదు, కూర ఎట్లా వండిందో చెప్పినట్టు చెప్పేది.

చివరికి ఆమెను పట్టించింది నీళ్ల ట్యాంకర్. ఎండాకాలం గల్లీలోకి ట్యాంకర్ వస్తే, కిరాయి గదులవాళ్లకు నీళ్లు లేవని ఒక ఇంటి ఓనరు పైపు లాక్కున్నాడు. అడ్డం వచ్చిన బిహారీ ఆడమనిషిని తోశాడు. రేఖ నిండు బిందె ఎత్తి అతని తల మీద వేసింది. అతనికి తల మీద కుట్లు పడ్డాయి, రేఖ మీద కేసు పడింది. తహసీల్దారు ముందు నిలబెట్టి బైండోవర్ చేశారు. ఏడాది పాటు ఎవరి మీదా చెయ్యెత్తనని బాండు రాసివ్వాలి, మాట తప్పితే గడువులో మిగిలిన కాలమంతా జైల్లో ఉండాలి. ఎవరో ఒకరు జమానతు ఉండాలన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. మా ఇంట్లో వాళ్లు ముఖం మాడ్చుకున్నా సరే నేనే వెళ్లి సంతకం పెట్టాను.

బయటికి వచ్చాక ఆమెతో అన్నాను. "చూడు రేఖా, ఇగ ఏడాది దాంక నీ చేతులు నీయి కావు. ఎవడేమన్నా నోరు తెరువు, చెయ్యి తెరవకు."

"సరేనక్కా" అంది. "ఎవలన్న మీద పడితెనో?"

"పడితె పడనియ్యి. దెబ్బలు తిను."

ఆ మాట నేను ఎంత తేలికగా అన్నానో, ఆమె అంత గట్టిగా పట్టుకుంది.

మా ఎదురు బడిలో చదివేది ఎక్కువగా కూలోళ్ల పిల్లలు. ఇక్కడివాళ్లు సగం, ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు సగం. బడి పెట్టిన వెంకటరామయ్య సారు మంచివాడే, కానీ గాలి వీచినా భయపడే మనిషి. ఆయనకు కంప్యూటర్ టీచర్ కావాలంటే నేనే రేఖను పంపాను. బైండోవర్ సంగతి ముందే చెప్పాను. ఆయన రెండు రోజులు ఆలోచించి, "పిల్లలను కొట్టొద్దమ్మా" అని ఒక్క షరతు పెట్టాడు. రేఖ పిల్లలను ఎప్పుడూ కొట్టదు. తన కంటే బలంగా ఉన్నవాళ్లనే కొడుతుంది.

ఆ బడి కంప్యూటర్ల గది నాకు తెలుసు. మూతపడ్డ కంపెనీల నుంచి వచ్చిన పాత పెట్టెలు. వాటిలో విండోస్ దొంగ కాపీలు వేసింది నవీన్‌కుమార్. రుద్రారం నుంచి పటాన్‌చెరు దాకా ఏ చిన్న బడిలో కంప్యూటర్ మొండికేసినా వచ్చేది ఇతనే. వస్తాడు, వైరస్ అంటాడు, అంతా తుడిచి మళ్లీ అదే దొంగ కాపీ వేసి డబ్బు తీసుకుని పోతాడు. నెల తిరగకుండా తెర మళ్లీ నల్లబడుతుంది. పిల్లలు గీసిన బొమ్మలు, రాసుకున్న పాఠాలు ప్రతిసారీ గాలిలో కలిసిపోయేవి. నా షాపులో కూడా అదే గోల. ఊరందరి పెన్‌డ్రైవ్‌లు నా మిషన్‌లోనే పెడతారు కదా, లోకంలో ఉన్న రోగాలన్నీ దానికే.

రేఖ రాగానే ఆ దొంగ కాపీలన్నీ పీకేసి, డబ్బు కట్టకుండానే ఎవరైనా వాడుకోగల లినక్స్ వేసింది. ప్యాకింగ్‌లో లేబుళ్లు అచ్చువేసే కంప్యూటర్ దగ్గర పని చేసినప్పుడు అక్కడి మెకానిక్ దగ్గర నేర్చుకుందట. ఒక్క పెన్‌డ్రైవ్‌తో గదంతా మార్చేసింది. ఆ ఊపులో నా షాపు మిషన్‌కూ వేసింది. ఫ్రీగా వచ్చేది మంచిదెట్లా అవుతుందని నేను నసిగాను. "గాలి ఫ్రీగనే వస్తలేదా అక్కా, పీలుస్తలేవా?" అంది. మూడు రోజులు తెర మీద కొత్త బొమ్మలు చూసి తికమకపడ్డాను, ఆ తర్వాత నా మిషన్ ఒక్కసారి కూడా పడకేయలేదు.

కానీ ఆమెకు అసలు ఇష్టమైంది ఇంకొకటి. అందులో ప్రతి పిల్లకూ సొంత పేరుతో వేరే ఖాతా తెరిచి, ఆ పిల్ల భాషలో తెర వచ్చేట్టు చేసింది. నాగయ్య కూతురికి తెలుగు, బిహార్ పిల్లలకు హిందీ, ఒడిశా పిల్లలకు ఒడియా. నాగయ్య అంటే ఇనప ఫ్యాక్టరీలో ఫిట్టర్, రేఖ వాళ్ల ఊరివాడే, బడి కమిటీలో పెద్ద గొంతు. ఒక ఒడియా పిల్ల తెర మీద తన అక్షరాలు చూసి, వేలితో ఒక్కొక్కటీ తాకి, కూర్చున్నచోటే ఏడ్చింది. మూడేళ్లుగా ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడేది కాదు, మూగదని అనుకున్నాం. ఆ వారంలోనే గలగలా మాట్లాడడం మొదలుపెట్టింది. రేఖ ఆ రోజు నా షాపులో కూర్చుని టీ చల్లారిపోయేదాకా ఆ పిల్ల గురించే చెప్పింది. అంత సంతోషంగా ఆమెను నేను అంతకుముందు చూడలేదు.

నవీన్‌కుమార్‌కు ఈ సంగతి తెలిసింది. ముందు వెంకటరామయ్య సారును బెదిరించాడు. "అది దొంగ సాఫ్ట్‌వేర్ సార్, పోలీసోల్లు వస్తరు" అన్నాడు. దొంగ కాపీలు అమ్ముకుని బతికేవాడు అనవలసిన మాటేనా అది? రేఖ అతని ముఖం మీదే నవ్వింది. ఈలోగా ఇంకో రెండు బడులవాళ్లు తమకూ వేసిపెట్టమని రేఖను అడిగారు. దాంతో అతనికి కడుపు మండింది. ఒకరోజు నా షాపు మెట్ల మీద నిలబడి, ఎదురుగా బడి గేటు దగ్గరున్న రేఖకు వినపడేట్టు అరిచాడు. "దసరా లోపల పాతది ఎయ్యకపోతె ఆ డబ్బాలు ఒక్కటి ఉండదు. పలగ్గొడ్త."

రేఖ చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టి నడిచి వచ్చింది. ఆమె పిడికిలి చూసి నేను బల్ల దాటి పరుగెత్తాను. ఆమె నా వంక చూసింది, పిడికిలి విప్పింది, వెనక్కి వెళ్లింది. అతను పళ్లికిలించాడు. బైండోవర్ సంగతి ఊరందరికీ తెలుసు, అతనికీ తెలుసు.

మా ఫ్యాక్టరీల బెల్టులో ఆయుధపూజ అంటే మామూలు పండగ కాదు. ప్రతి ఫ్యాక్టరీలో మిషన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతారు. కొన్నిచోట్ల మేక తల కూడా తెగుతుంది, ఆ నెత్తురే మిషన్‌కు బొట్టు. కానీ అది కంపెనీ మిషన్లకు. కాంట్రాక్టు కూలీలకు సొంత పనిముట్లు ఉంటాయి. సుత్తె, పానాలు, తాపీ, కొడవలి. కిరాయి గదుల్లో గుమ్మడికాయ కొడితే ఓనర్లు ఊరుకోరు. రేఖ అందరినీ పిలిచింది. "అన్ని తెచ్చి కంప్యూటర్ల గదిల పెట్టుండ్రి. గవి కూడ మిషన్లే కదా, అన్నిటికి కలిపి జేద్దాం" అంది. ఒడిశా, బిహార్ వాళ్లు విశ్వకర్మ పూజ ముందే చేసుకున్నా, మళ్లీ చేస్తే తప్పేముందని వచ్చారు.

దసరా సెలవులే అయినా ఆయుధపూజ పొద్దున బడి తెరిచారు. గది నడుమ చాప మీద ఇనుమంతా పరిచారు. ప్రతి పనిముట్టుకూ బొట్టు, ప్రతి తెరకూ పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు. వెంకటరామయ్య సారు గట్టిగా చెప్పాడు, మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టి లేపేదాకా ఇనుము ముట్టకూడదని, మిషన్ నడపకూడదని. అది ఎవరికీ చెప్పనవసరం లేదు. మా ఇంట్లో ఆ రోజు కత్తిపీట కూడా ముట్టరు.

హారతి ఇచ్చేటప్పుడు నవీన్‌కుమార్ వచ్చాడు. వెంట ఇద్దరు. ఇద్దరూ ఇక్కడి పోరగాళ్లే, లారీలకు లోడింగు చేస్తారు, ఎవరు డబ్బులిస్తే వాళ్ల తరఫున కొడతారు. ఒకడి చేతిలో ఇనప రాడ్డు ఉంది. వాళ్లు దిగిన బండ్లకు కూడా పొద్దున్నే బొట్లు పెట్టి దండలు వేసి ఉన్నాయి.

"కొట్టుండ్రిరా" అన్నాడు నవీన్‌కుమార్.

రాడ్డువాడు మొదటి కంప్యూటర్ దగ్గరికి వెళ్లి చేయెత్తాడు. రేఖ అడ్డం నిలబడలేదు. చేతులు వెనక కట్టుకుని గోడకు ఆనుకుంది. ఎందుకో నాకు తెలుసు, అడ్డం వస్తే చేతులు ఊరుకోవు. వాడు ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంచి తెర మీది కుంకుమ చూశాడు, ముందు వెలుగుతున్న అగరుబత్తి చూశాడు. రాడ్డు మెల్లగా కిందికి దించాడు.

"అన్నా, పూజల ఉన్నయే" అన్నాడు.

"అయితేంది? కొట్టు."

"ఇయ్యాల నాతోని గాదన్నా. రేపొచ్చి కొడ్త."

రెండోవాడు కూడా తల అడ్డంగా ఊపాడు. అంత ఉద్రిక్తతలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వు నోట్లో ఉండగానే నవీన్‌కుమార్ రేఖ వైపు వేలు చూపించాడు.

"మిషన్‌ను కొట్టకపోతె దీన్ని కొట్టు."

దానికి వాడు ఆలోచించలేదు. రాడ్డు తిప్పి రేఖ కుడి చేతి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. రెండో దెబ్బ భుజం మీద. ఆమె కింద పడింది. రెండోవాడు కడుపులో తన్నాడు, తర్వాత మూతి మీద తన్నాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదుగా చాప మీదికి కారింది. ఆమె బాగున్న ఎడమ చేతికి అరచెయ్యంత దూరంలో కొడవలి ఉంది. ఆ చేయి కొడవలి వైపు పోలేదు. తన కొంగునే గుప్పిట్లో పట్టుకుంది.

నేను హారతి పళ్లెం తీసి ఒకడి వీపున కొట్టాను. వాడు నన్ను ఒక్క తోపు తోస్తే బెంచీకి తల తగిలింది. గది నిండా మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఇనుము వంచే చేతులు వాళ్లవి.

"సుత్తె తియ్యి నాగయ్యా" అని అరిచాను. "చంపుతున్నరు, కనవడ్తలేదా?"

నాగయ్య చేతులు వెనక్కి లాక్కున్నాడు. "పూజల ఉంది గదక్కా, ఎట్ల ముట్టాలె?" అన్నాడు.

ఇంకెవరూ కదల్లేదు. మనిషిని కొడుతుంటే ఇనుము మైల పడుతుందని చూస్తూ నిలబడ్డారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఈ రోజుకూ ఒళ్లు మండుతుంది.

అప్పుడు నవీన్‌కుమార్ తన ఖర్మ కాలే పని చేశాడు. మేకుకు వేలాడుతున్న తువ్వాలు లాగి, కలశంలో ముంచి, మొదటి తెర మీది పసుపు కుంకుమ తుడిచేశాడు. రెండోది తుడిచాడు. బంతిపువ్వును కాలితో తన్నాడు.

"ఇగ బొట్టు లేదు. ఇప్పుడు కొట్టు" అన్నాడు.

రాడ్డువాడు కొట్టలేదు. వాడికంటే ముందు నాగయ్య కదిలాడు. సుత్తె ముట్టలేదు, వట్టి చేతులతోనే నవీన్‌కుమార్ మెడ పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. ఇక ఎవరూ ఆగలేదు. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, బిహారీలు, ఆడవాళ్లు, అందరూ మీద పడ్డారు. ఇనుము జోలికి ఎవరూ పోలేదు, కుర్చీలకు మాత్రం బొట్లు లేవు. కుర్చీల కాళ్లు విరిగాయి. అతని చెవి తెగి వేలాడింది, ముందు పళ్లు ఊడి చాప మీద పడ్డాయి. కూలికి వచ్చిన ఇద్దరూ రాడ్డు అక్కడే పారేసి బండ్లెక్కి పారిపోయారు. అతను మొదట తిట్టాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత గొంతు ఆగిపోయింది. కొట్టడం మాత్రం ఆగలేదు. నేను ఆపమనలేదు. ఆ క్షణం అతను చస్తే బాగుండుననే అనిపించింది.

ఆపింది రేఖ. విరిగిన చేయిని ఈడ్చుకుంటూ, కాళ్ల మధ్య నుంచి పాకి వెళ్లి, అతని మీద అడ్డంగా పడింది. ఆమె వీపు మీద కూడా రెండు తన్నులు పడ్డాయి.

"ఇడువుండ్రి" అంది నెత్తురు నోటితో. "ఈడు సస్తె బడికి తాళమేస్తరు. పిల్లలు యాడికి పోతరు?"

అప్పుడు వెనక్కి తగ్గారు వాళ్లు.

మర్నాడు మమ్మల్ని ఠాణాకు పిలిచారు. రేఖ చేతికి సిమెంటు కట్టు, మెడలో పట్టీ. నవీన్‌కుమార్ అంతకుముందే తలకు గుడ్డ చుట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. అతని ఫిర్యాదులో ఒక్క పేరే ఉంది. పూజ చూడడానికి వెళితే రేఖ రాడ్డుతో తలా చెవీ పగలగొట్టిందట. తెలివైనవాడు. గుంపు కొట్టిందంటే తన మనుషుల సంగతి కూడా బయటపడుతుంది. రేఖ మీద ఎట్లాగూ బాండు ఉంది, ఆమె కొట్టిందంటే ఎవరైనా నమ్ముతారు.

ఎస్సై ముసలాయన, విసుగు తప్ప ద్వేషం లేదు. "విరిగిన చెయ్యితోని రాడ్డు ఎట్ల లేపినవమ్మా? నాకు గూడ తెలుసు నువ్వు కాదని" అన్నాడు. "కాని ఈయన్ను ఎవరో కొట్టిన్రు కదా. పేర్లు చెప్పు, వాళ్ల మీద రాస్త. నువ్వు ఇంటికి పో."

గేటు బయట నాగయ్య, ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు. లోపలికి అడుగు పెట్టలేదు. వాళ్ల మీద కేసు రాస్తే కాంట్రాక్టరు ఆ సాయంత్రమే పని మాన్పిస్తాడు. పని పోతే గది పోతుంది. గది పోతే పిల్లలను తీసుకుని ఒడిశా రైలు ఎక్కాలి. రేఖకు అది తెలుసు.

నేను ఆగలేకపోయాను. చెవిలో చెప్పాను. "చెప్పు రేఖా. నిన్ను తంతుంటె నిలబడి చూసిన్రు. వాళ్లకోసం జైలుకు పోతవా?"

ఆమె గేటు వైపు చూసింది. వెంకటరామయ్య సారు చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "ఇంకో తొవ్వ ఉందమ్మా. నవీన్‌కుమార్ కేసు వాపసు తీసుకుంటడట. కంప్యూటర్లల్ల పాతది నువ్వే నీ చేతులతోని మళ్ల ఎయ్యాలె. ఇగ ముందు ఆయన తప్ప ఎవలు ముట్టొద్దు. గంతే" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నిజం చెప్పాలంటే, నాకూ ఆ దారి బాగానే అనిపించింది. జైలు తప్పుతుంది, ఎవరి పేరూ రాదు. కంప్యూటర్లదేముంది అనుకున్నాను.

రేఖ లేచి నవీన్‌కుమార్ ముందు నిలబడింది.

"పాతది ఏస్తె పిల్లలు దాచుకున్నయన్ని పోతయి కదా?" అని అడిగింది.

"పోతయి."

"ఒడిశా పిల్లలకు వాళ్ల అక్షరాలు రావాలంటెనో? నువ్వొచ్చి పెడ్తవా?"

అతను వాచిన మూతితోనే నవ్వాడు. "గా కూలోళ్ల పోరలకు ఏది కనవడితె ఏంది? తెర ఎలిగితె సాలు."

రేఖ ఎడమ చేయి లేచింది. ఆ చెంపదెబ్బకు అతను బెంచీ మీద నుంచి కింద పడ్డాడు, తలకు చుట్టిన గుడ్డ ఊడి కుట్ల దగ్గర మళ్లీ నెత్తురు వచ్చింది. ఎస్సై చేతిలో పెన్ను అట్లాగే ఉండిపోయింది.

"రాసుకోండి సార్" అంది రేఖ. "మీ ముంగటనే కొట్టిన. నిన్న కొట్టింది గూడ నేనే. ఇంకెవల పేరు లేదు."

గేటు దగ్గర నాగయ్య నేల మీద కూర్చుని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎస్సై కాయితం తిప్పి, రాయడం మొదలుపెట్టాడు. బాండు గడువులో ఇంకా చాలా నెలలు మిగిలి ఉన్నాయి.

రేఖ వచ్చి నా పక్కన కూర్చుంది. కంప్యూటర్ల గది తాళంచెవి తీసి నా ఒళ్లో పెట్టింది. ఆమె ఎడమ అరచెయ్యి ఎర్రగా వాచింది, ముఖం మాత్రం తేటగా ఉంది.

"గీ పట్టీ జారుతున్నదక్కా" అంది. "జెర సదురు."